కెమెరాకి చూపు నేర్పేముందు

చిరంజీవి చిన్నికి పెదనాన్న ఆశీస్సులు.

నువ్వు పంపిన వీడియో చూశాను. కొత్తపట్నం రొయ్యల గుంట మీద నీ కెమెరా చూపంతా, నీళ్ళలో గాలి కలిపే ఏరేటర్ లేపిన నురగ మీదే ఉంది. రొయ్యలు మేత తిన్నాయో లేదో చూసే చెక్‌ట్రే వైపు ఒక్కసారి కూడా పోలేదు. కోడ్‌లో తప్పు వెతుకుతూ రెండు రాత్రులు టెన్షన్ పడ్డానన్నావు. తప్పు అక్కడ లేదమ్మా, ఎక్కడ చూడాలో కెమెరాకి లెక్కగట్టి చెప్పే ఆ మోడల్ దాని పని అది చేసింది.

1998లో ఇట్టి, కోచ్, నీబర్ ఇచ్చిన పద్ధతే కదా నువ్వు వాడింది. రంగులో, వెలుగులో, గీతల వాలులో చుట్టుపక్కల కంటే ఏది వేరుగా ఉందో లెక్కగట్టి, అన్నిటినీ ఒకే పటంలో కలుపుతుంది. అందులో గెలిచిన చోటికి చూపు తిప్పుతుంది. చూసేసిన చోటుని కాసేపు అణిచిపెట్టి ఇంకోదానికి పోతుంది. ముదురాకుపచ్చ నీళ్ళలో తెల్లటి నురగని మించి కొట్టొచ్చినట్టు కనపడేది ఇంకేముంటుంది, కొంగ వాలితే తప్ప! ఒకచోట అణిచినా నురగ పక్కకి పాకుతుంది, చూపు మళ్ళీ దాని వెంటే.

ఇప్పుడు మీ నాన్నని చూడు. ట్రే ఎత్తాడంటే నురగా కనపడదు, కొంగా కనపడదు. మేత ఎంత మిగిలిందో చూస్తాడు. ఒక రొయ్యని వెలుతురుకి పట్టి, వీపు మీదుగా నల్లదారంలా పోయే పేగు నిండుగా ఉందా, మధ్యలో తెగిందా అని చూస్తాడు. అదే రొయ్యని కొనడానికొచ్చినవాడు చూస్తే వాడి కళ్ళు సైజు మీదుంటాయి. సోవియట్ శాస్త్రవేత్త యార్బస్ ఒకే చిత్రాన్ని చూపించి ప్రశ్నలు మార్చాడు, ప్రశ్న మారినప్పుడల్లా కళ్ళు తిరిగిన దారి మారింది. ఆయన పుస్తకం ఇంగ్లీషులో 1967లోనే వచ్చింది. నీ మోడల్‌కి ఆ ప్రశ్నే లేదు.

అందుకని ట్రే రంగుకి, గుండ్రటి అంచుకి బరువు పెంచు, నురగ తెలుపుకి తగ్గించు. ట్రే ఎప్పుడూ చెక్క వంతెన పక్కనే వేలాడుతుంది కాబట్టి ఆ చోటు సంగతి కూడా మోడల్‌కి చెప్పు. సగం పని అక్కడే అయిపోతుంది.

మోడల్ చూపు మనుషుల చూపుతో ఎంత కలిసిందో చెప్పే మార్కులు చూసి మాత్రం మురిసిపోకు. నేనొకసారి మురిసిపోయి భంగపడ్డాను. ఆర్నెల్లు కష్టపడి చేసిన నా మోడల్‌కి మంచి స్కోరొచ్చింది. ఓ కుర్రాడు ఊరికే బొమ్మ మధ్యలో ఒక మసక చుక్క పెట్టి పోల్చాడు, దానికీ దాదాపు అంతే వచ్చింది! ఫోటో తీసేవాడు ముఖ్యమైనదాన్ని మధ్యలో పెడతాడు, చూసేవాడూ మధ్యలోంచే మొదలుపెడతాడు. నువ్వు ఆ చుక్కతో ముందే పోల్చుకో.

చాట్‌బాట్ల వెనకుండే ట్రాన్స్‌ఫార్మర్ మోడళ్ళలో అటెన్షన్ ఉందిగా అన్నావు. పేరు ఒకటే, అది మనిషి చూపుకి నమూనాగా పుట్టింది కాదు. దాని సంగతి తర్వాత.

ఆదివారం వస్తున్నాను. ట్రే ఎత్తే వేళకి గట్టు మీదికి రా. కెమెరా వద్దు, నోట్‌బుక్ తెచ్చుకో. మీ నాన్న కళ్ళు ముందు ఎక్కడికి పోతాయో, తర్వాత ఎక్కడికో వరసగా రాసుకుందాం.

పెదనాన్న
ఒంగోలు