చెత్తబుట్ట దగ్గర మొదలుపెట్టు

పర్లాకిమిడి

చిరంజీవి సౌభాగ్యవతి మేనకోడలికి,

మీ మేనత్త ఆశీర్వదించి రాయునది. బరంపురంలో కాపురం కుదురుకుందని, మీ అత్తగారు మామగారు కులాసాగా ఉన్నారని విని సంతోషించాం. మొన్న ఫోన్‌లో అడిగావు కదా, “అత్తా, ఇంట్లో ప్లాస్టిక్కు, చెత్త తగ్గించాలనుంది, ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక టెన్షన్‌గా ఉంది” అని. ఫోన్‌లో చెబితే సగం గుర్తుండదు. అందుకే రాస్తున్నాను. వంటిల్లు సర్దుకున్నాక నిదానంగా చదువుకో.

ముందుగా ఒక మాట. దీనికోసమని కొత్తగా ఏమీ కొనకు. వెదురు బ్రష్షులు, స్టీలు స్ట్రాలు, వరసగా పేర్చిన గాజు సీసాలు వీడియోల్లో చూసి మనసు పడతావు. ఇంట్లో ఉన్న ప్లాస్టిక్ డబ్బాలు పారేసి గాజువి తెచ్చుకుంటే ఆ పారేసినవి ఎక్కడికి పోతాయి? పగిలేదాకా వాటిలోనే పప్పులు, ఎండుమిరపకాయలు పోసుకో. వేడి కూరలు, పచ్చళ్లు మాత్రం స్టీలు గిన్నెలోనో జాడీలోనో పెట్టు. నిజంగా కొనాల్సిన రోజు వచ్చినప్పుడు ఎక్కువ కాలం మన్నేది చూసి కొనుక్కో.

మొదలుపెట్టాల్సింది చెత్తబుట్ట దగ్గర. తడి, పొడి వేరు చేస్తూ ఒక్క వారం గడిపితే ఇంట్లోకి ఏం వస్తోందో, ఎంత వృథా పోతోందో నీకే తెలుస్తుంది. ఆ తర్వాత ఏం మానాలో నేను చెప్పక్కర్లేదు. ఇళ్లవాళ్లు చెత్తను తడి, పొడి, ప్రమాదకరమైనది అని మూడుగా వేరు చేసి ఇవ్వాలని 2016లో వచ్చిన కేంద్ర నిబంధనల్లోనే చెప్పారు. కూరల తొక్కలు, పాల కవర్లు ఒకే సంచిలో కలిపి పారేస్తే రెండూ పాడవుతాయి. మురికి పట్టిన కవర్‌ను పాతసామాన్లవాళ్లు కూడా తీసుకోరు. తొక్కలేమో చెత్తగుట్ట అడుగున గాలాడక కుళ్లి మీథేన్ పుట్టిస్తాయి. నూరేళ్ల లెక్కలో చూస్తే ఆ వాయువు కార్బన్ డై ఆక్సైడ్ కంటే దాదాపు 28 రెట్లు ఎక్కువగా భూమిని వేడెక్కిస్తుంది. పాల కవర్‌ని ఒకసారి కడిగి ఆరేస్తే ఆ పని అయిపోయినట్టే. పగిలిన గాజు పెంకులు, బ్లేడ్లు, ఇంజెక్షన్ సూదులు మాత్రం దళసరి కాగితంలో చుట్టి, ఎర్ర పెన్నుతో గుర్తు పెట్టి విడిగా ఇవ్వు. మన చెత్తలో చెయ్యి పెట్టే మనిషి చెయ్యి తెగకూడదు. ట్యూబ్‌లైట్లో పాదరసం ఉంటుంది కనుక దాన్ని పగలగొట్టి పడెయ్యకు.

తడి చెత్తని ఇంట్లోనే ఎరువు చేసుకోవచ్చు. ఇది కాస్త వివరంగా చెబుతాను, ఎందుకంటే చాలామంది వాసన వచ్చిందని రెండో వారానికే మానేస్తారు. పాత పెయింటు బకెట్టుకో మట్టికుండకో అడుగున, పక్కల చిల్లులు పెట్టు. అడుగున కొబ్బరి పీచు పరిచి, తొక్కలు చిన్న ముక్కలుగా వేసి, వేసిన ప్రతిసారీ దానికి రెట్టింపు ఎండుటాకులు కప్పు. కీలకమంతా ఆ ఎండుటాకుల్లోనే ఉంది. వాసన వచ్చిందంటే తడి ఎక్కువైందని అర్థం, ఇంకాసిని ఆకులు వేసి కలుపు. మరీ పొడిగా ఉంటే నీళ్లు చిలకరించు. వారానికి రెండుసార్లు కర్రతో కిందికీ పైకీ తిప్పితే గాలి ఆడుతుంది. పురుగులు కనిపిస్తే భయపడకు, అవి వాటి పని చేసుకుంటాయి. మూతికి పల్చటి గుడ్డ కడితే ఈగలు రావు. మీ ఇంట్లో చేపలు ఎక్కువ వండుతారు కదా, ఆ పొలుసు, ముళ్లు బకెట్టులో వేస్తే పిల్లులు చేరతాయి. వాటిని పెరట్లో మొక్కకి కాస్త దూరంగా అడుగు లోతు గొయ్యి తీసి పూడ్చు. రెండు మూడు నెలలకు ఎరువు నల్లగా మారి తొలకరికి తడిసిన నేలలా వాసన వేస్తుంది. అప్పుడు కరివేపాకు మొక్కకి వేసి చూడు.

వానాకాలంలో ఎండుటాకులు దొరకవు. ఫాల్గుణం వచ్చేసింది, రావి, బాదం చెట్ల కింద ఇప్పుడే రాలుతున్నాయి. రెండు గోతాలు నింపి వాన తగలని చోట దాచుకో. ఆకుల్ని గానీ ప్లాస్టిక్‌ని గానీ ఎవరు తగలబెడుతున్నా మెల్లగా వద్దని చెప్పు. పీవీసీ లాంటివి కాలితే డయాక్సిన్లనే విషాలు వస్తాయి, ఆ పొగ మన పిల్లలే పీలుస్తారు.

కవర్ల విషయానికి వస్తే, మీ గంజాం జిల్లాలోనే ఋషికుల్య సముద్రంలో కలిసే చోట ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెడతాయి. చాలా ఏళ్లలో ఈ ఫిబ్రవరి, మార్చి నెలల్లోనే అవి లక్షల్లో ఒడ్డుకి వస్తాయి. నీళ్లలో తేలే పల్చటి కవర్‌ని సముద్రపు తాబేళ్లు జెల్లీ చేప అనుకుని మింగేస్తాయి. కాలవలో పడ్డ కవరు చివరికి సముద్రానికే చేరుతుంది. అందుకే పాత నేత చీరలతో నాలుగు సంచులు కుట్టుకుని, ఒకటి తలుపు దగ్గర, ఒకటి మీ ఆయన బండిలో ఉంచు. చేపలకి మూతున్న స్టీలు డబ్బా పట్టుకెళ్తే అమ్మేవాళ్లు అందులోనే వేసిస్తారు.

మీ ఇంట్లో సత్యనారాయణ వ్రతం ఉందన్నావు. అది నాకు చాలా ముఖ్యమైన సంగతి, ఎందుకంటే ఇల్లు ఏడాది పొడుగునా తగ్గించిన చెత్తంతా ఒక్క భోజనాల రోజున తిరిగి వచ్చేస్తుంది. థర్మోకోల్ ప్లేట్లు వద్దు. 2022 జూలై 1 నుంచి ఒక్కసారి వాడి పారేసే ప్లాస్టిక్ ప్లేట్లు, గ్లాసులు, చెంచాలు దేశమంతటా నిషేధం. మన గజపతి, రాయగడ జిల్లాల కొండల్లో అడ్డతీగ ఆకులు కోసి, సన్నపుల్లలతో కుట్టిన విస్తళ్లు సంతల్లో దొరుకుతాయి. కుట్టేవాళ్లలో ఎక్కువమంది కొండ ఊళ్ల ఆడవాళ్లే, కాబట్టి ఆ డబ్బు వాళ్ల ఇళ్లకి వెళ్తుంది. కొనేటప్పుడు తిరగేసి చూడు. మిషన్ మీద నొక్కిన కొన్నిటికి ఆకు మీద పల్చటి ప్లాస్టిక్ పొర అతికిస్తారు. అలాంటివి తీసుకోకు, గోరుతో గీకితే పొర లేస్తుంది. గ్లాసులు టెంట్ హౌస్ వాళ్ల దగ్గర స్టీలువి అద్దెకు తెచ్చుకో. కడగడానికి ఇంకో మనిషిని పెట్టుకున్నా ఖర్చు పెద్దగా పెరగదు. వంట కూడా లెక్కేసి చేయించు, మిగిలితే చల్లారకముందే పంచిపెట్టు.

రోజువారీ అన్నం మిగిలితే మీ అత్తగారినే అడుగు. మార్చి 20న ఒడిశా అంతా పఖాళ దిబస, అంటే చద్దన్నం రోజు, జరుపుకుంటారు, మన ఇళ్లలో చద్దన్నం, తరవాణి ఎప్పటి నుంచో ఉన్నవే. రాత్రి అన్నంలో నీళ్లు పోసి ఉంచితే ఎండాకాలం పొద్దున్న అంతకంటే మంచి తిండి లేదు. ఆవిడకి ఈ పొదుపులన్నీ నాకంటే బాగా తెలుసు. నువ్వు నేర్పినట్టు కాకుండా అడిగినట్టు మాట్లాడితే ఇంట్లో పని సులువవుతుంది.

నీళ్లకి ఎండాకాలం మీ ఊళ్లో కటకట ఉంటుంది. సెకనుకి ఒక చుక్క కారే కుళాయి రోజుకి సుమారు 20 లీటర్లు పోగొడుతుంది, వాషర్ మార్పించు. ఆర్వో మిషన్ బయటికి వదిలే నీళ్లు బకెట్టులో పట్టి బాత్రూమ్ కడగడానికి వాడు. డాబా వంద చదరపు మీటర్లుంటే ఒక్క మిల్లీమీటరు వానకి వంద లీటర్లు పడతాయి. మీ మామగారితో అని డాబా గొట్టాన్ని ఇంకుడు గుంతకి తిప్పించండి.

కరెంటు గురించి పెద్దగా చెప్పేది లేదు. పాత ఫ్యాను దాదాపు 75 వాట్లు లాగితే బీఎల్‌డీసీ అనే కొత్తరకం మోటారున్న ఫ్యాను 30 వాట్ల చుట్టూ తీసుకుంటుంది. పాతది చెడిపోయినప్పుడు మాత్రం ఇది కొను. ఏసీ 24 కన్నా తగ్గించకు, ఫ్యాను కూడా వేసుకుంటే చాలు. సొంత డాబాయే కాబట్టి సోలార్ ఆలోచించండి. 2024లో మొదలైన పీఎం సూర్యఘర్ పథకంలో మూడు కిలోవాట్లకి 78,000 రూపాయల కేంద్ర సబ్సిడీ ఉంది.

అన్నీ ఒకేసారి పెట్టుకోకు. ఈ నెలంతా చెత్త వేరు చెయ్యడం, ఎరువు, వ్రతం విస్తళ్లు, అంతే. మీ మావయ్య వచ్చే వారం పని మీద బరంపురం వస్తున్నారు. మా పెరట్లో ఎరువు ఒక డబ్బా పంపిస్తాను. కొత్త బకెట్టులో రెండు గుప్పెళ్లు కలిపితే త్వరగా అందుకుంటుంది. విస్తళ్లు కూడా ఇక్కడి సంత నుంచి తెమ్మంటావా? ఎంతమంది భోజనానికి వస్తారో ఆదివారంలోగా చెప్పు.

ఇట్లు
మీ మేనత్త