విల్లా డ్రాఫ్టు ముందు నాకు పంపు, బుజ్జమ్మా

బుజ్జమ్మకి,

భోగాపురం వైపు గేటెడ్ కమ్యూనిటీలో విల్లా చూశావట, మీ అమ్మ చెప్పింది. ఈతకొలను, క్లబ్ హౌసు, బ్యాడ్మింటన్ కోర్టు ఫొటోలు కూడా పంపింది. మీ పెద్దమ్మ వాటిని వీధంతా చూపించి వచ్చింది. గర్వంగానే ఉందే నాకూ. కానీ దస్తావేజులు రాసి బతికినవాణ్ణి కదా, ఆ కొలను చూడగానే అది ఎవరి పేర ఉందో అనే వచ్చింది బుర్రలోకి.

మామూలు పనులు నీకు తెలుసు: రెరా, అంటే రియల్ ఎస్టేట్ నియంత్రణ చట్టం కింద వచ్చే నంబరు, విశాఖ ప్రాంత అభివృద్ధి సంస్థ వీఎంఆర్‌డీఏ అనుమతి, ఆస్తి మీద పాత లావాదేవీలు, అప్పులు చూపే ముప్పై ఏళ్ల ఈసీ, సర్వే నంబరు రిజిస్ట్రేషన్ నిషేధించిన భూముల 22ఏ జాబితాలో లేకపోవడం. అగ్రిమెంటు రిజిస్టరు అవ్వకుండా ధరలో 10 శాతం మించి తీసుకోకూడదని రెరా చట్టంలోనే ఉంది, మొహమాటపడకు.

ఇక మీ నాన్న విశాఖలో కొన్న ఫ్లాటు సంగతి. అప్పటికి రెరా లేదు, ఆ చట్టం 2016లో వచ్చింది. నాకు చూపిస్తే వంకలు పెడతానని దస్తావేజు చూపించకుండానే రిజిస్ట్రేషన్ చేయించేసుకున్నాడు. తర్వాత చదివితే ఏముంది, క్లబ్ హౌసూ, కొలనూ, పక్కనున్న ఖాళీ జాగా అన్నీ బిల్డరు పేరనే ఉన్నాయి, మీవాళ్లకి వాడుకునే వీలు మాత్రమే. నాలుగేళ్లు బాగానే నడిచింది. ఆ తర్వాత అతను క్లబ్ హౌసుని పెళ్లిళ్లకి అద్దెకివ్వడం మొదలెట్టాడు. అర్ధరాత్రి దాకా డీజే, గేటు బయట విస్తరాకులు, దీపాల కరెంటు బిల్లు మాత్రం మెయింటెనెన్సులోంచి! అడిగితే నా ఆస్తి అన్నాడు, కాగితం ప్రకారం నిజమే. ఇంటర్ పరీక్షల ముందు నిన్ను విజయనగరం తెచ్చి మా మేడ గదిలో కూర్చోబెట్టాం, గుర్తుందా? పెద్దమ్మ పక్కనుంటే బాగా చదువుతావని చెప్పాం గానీ అసలు సంగతి ఆ డీజే. మీ నాన్న నిన్ను దింపి వెళ్తూ నాతో సరిగా మాట్లాడలేకపోయాడు పాపం.

ఇప్పుడు ఉమ్మడి స్థలాలు ఇళ్లు కొన్నవాళ్ల సంఘం పేర రాసివ్వాలని చట్టం ఉంది. ఉంది కదా అని ఊరుకోకు, అగ్రిమెంటులో ఉమ్మడి స్థలాల జాబితాలో క్లబ్ హౌసు, కొలను, మురుగు శుద్ధి ప్లాంటు పేరు పేరునా ఉన్నాయో లేదో చూడు. కార్పస్ ఫండు, అదే పెద్ద ఖర్చులకని అందరి దగ్గరా ముందే తీసుకునే డబ్బు, ఎవరి ఖాతాలో ఉంటుందో అడుగు. మెయింటెనెన్సు ఒక్కొక్కరికి నెలకి 7,500 రూపాయలు దాటి, సంఘం వసూళ్లు ఏడాదికి 20 లక్షలు దాటితే 18 శాతం జీఎస్టీ కూడా పడుతుంది, ఆ లెక్క వాళ్ల బ్రోచర్లో ఉండదు.

నా అసలు భయం మాత్రం నీళ్లు. నవ్వకు. గెడ్డ, అంటే వాగు, పూడ్చి లేఅవుట్ వేశారేమో గ్రామ పటంలో చూడాలి, ఊళ్లో ముసలివాళ్లని అడగాలి. సముద్రం దగ్గర కాబట్టి బోరు నీళ్లు ఉప్పగా ఉన్నాయేమో నోట్లో పోసుకుని చూడు, సేల్స్ కుర్రాడు ఇచ్చే బాటిల్ కాదు. జనరేటరు ఇళ్లకీ పనిచేస్తుందా, వీధి దీపాలకేనా అన్నదీ కనుక్కో. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు కరెంటు లేక మోటార్లు ఆగిపోయి, మీ నాన్న బకెట్లతో నాలుగంతస్తులు ఎక్కాడు.

బాబు ఇంకా చిన్నోడు, కొలనుకి కంచె ఉందా? లేకపోతే నేను ఆ ఇంట్లో పడుకోను, ముందే చెబుతున్నా.

పైడితల్లమ్మ సిరిమానోత్సవానికి వచ్చి చూస్తానంటున్నావట. దసరా దాటేదాకా ఎందుకే గుంటా! నీళ్లు నిలుస్తాయో లేదో ముందే చూడాలి. ఆగస్టులో, బాగా కురిసిన మర్నాడు రా, ఇద్దరం వెళ్దాం. డ్రాఫ్టు ఈలోగా వాట్సాప్ చెయ్యి, ఫొటోలు తీసి కాదు, పీడీఎఫ్. అక్షరాలు కనబడి చావడం లేదు.

మీ పెదనాన్న