కోరంగి మడ అడవులలో తిరగడానికి చేతి జీపీఎస్ అవసరమా?

కోరంగి మడ అడవుల పాయలలో పడవపై తిరిగేవారికి ఫోన్ సరిపోతుందా, చేతి జీపీఎస్ (ఉపగ్రహ సంకేతాలతో మనమున్న చోటును చూపే, చేతిలో పట్టుకొనే పరికరం) కొనాలా అన్నది ప్రశ్న. మొబైల్ సిగ్నల్ లేకపోయినా ఫోన్‌లోని జీపీఎస్ పనిచేస్తుంది కనుక, మ్యాపులను ముందే డౌన్‌లోడ్ చేసుకుంటే ఒక పూట విహారానికి అది చాలు. తరచుగా వెళ్లేవారు మాత్రం, తడి చేతులతోనూ నొక్కగలిగే బటన్లు, మార్చుకోగల ఏఏ బ్యాటరీలు, మీటరు లోతు నీటిలో 30 నిమిషాలు తట్టుకొనే ఐపీఎక్స్7 రక్షణ ఉన్న పరికరాన్ని ఎంచుకోవడం మేలు. ఎలక్ట్రానిక్ దిక్సూచి తప్పక ఉండాలని నా అభిప్రాయం. అది లేని పరికరం పడవ ఆగినప్పుడు దిక్కును నమ్మకంగా చూపలేదు. ఉపగ్రహం ద్వారా సందేశాలు పంపే నమూనాలకు మన దేశంలో ప్రభుత్వ అనుమతి కావాలి.

బయలుదేరే ముందు రేవు స్థానాన్ని గుర్తుగా భద్రపరచి, ట్రాక్ (పడవ వెళ్లిన దారి గీత) నమోదును ప్రారంభించండి. అక్షాంశ రేఖాంశాలను ఇతరులతో పంచుకొనేటప్పుడు ఏ పద్ధతిలో రాశారో తప్పక చెప్పండి, ఎందుకంటే 16 డిగ్రీల 30 నిమిషాలను (అంటే 16.50 డిగ్రీలను) 16.30 డిగ్రీలుగా చదివితే స్థానం సుమారు 22 కిలోమీటర్లు తప్పుతుంది.

ఇక్కడ అన్నిటికన్నా ముఖ్యమైనది సముద్రపు ఆటుపోట్లు. పోటు సమయంలో పడవ సాఫీగా సాగిన పాయ, ఆటు వేళకు బురదతిన్నెగా మారవచ్చు. పరికరం ఆ తేడాను చూపదు. అందువల్ల ప్రతి ట్రాక్ పేరులో అది పోటులో నమోదైనదో ఆటులో నమోదైనదో రాసుకోండి, ఆ పాయలు ఎరిగిన సరంగు వద్దన్న దారిలో తెరపై గీత ఉన్నా వెళ్లకండి.