రాగి బదులు నల్ల ప్లాస్టిక్ పైపుతో సోలార్ వాటర్ హీటర్ కట్టుకోవచ్చా?

కట్టుకోవచ్చు. అయితే "ప్లాస్టిక్ వేడిని లోపలికి పోనివ్వదు కదా" అన్న మీ సందేహం కన్నా పెద్ద చిక్కు వేరే ఉంది. అనంతపురంలో మా డాబా మీద డ్రిప్ పైపుతో కట్టుకున్న ప్యానెల్‌ను కొన్నేళ్లుగా వాడుతున్నాను.

ముందు మీ సందేహం. పాలిథిలిన్ కన్నా రాగి దాదాపు వెయ్యి రెట్లు బాగా వేడిని మోస్తుంది, నిజమే. కానీ డ్రిప్ లేటరల్ (పొలంలో మొక్కల వరుసల వెంట పరిచే సన్నటి పైపు) గోడ మందం మిల్లీమీటరు, కాస్త అటూ ఇటూ. అంత పల్చటి గోడలో మిట్టమధ్యాహ్నమైనా బయటికీ లోపలికీ తేడా రెండు మూడు డిగ్రీలే. రాగి ప్యానెల్లో గొట్టాలు దూరదూరంగా ఉన్నా మధ్యనున్న రేకు వేడిని వాటిదాకా లాక్కొస్తుంది. ప్లాస్టిక్ రేకుకు ఆ పని చేతకాదు. ఎండ పడే ప్రతి చోటా వెనకాలే నీళ్లు ఉండాలి. అంటే పైపు పక్కనే పైపు, సందు లేకుండా పేర్చాలి. 16 మి.మీ. పైపైతే చదరపు మీటరుకు 60 మీటర్ల పైచిలుకు పడుతుంది.

అసలు చిక్కు నీళ్లు కదలనప్పుడు వస్తుంది. మా బావమరిది ఇలాంటిదే కట్టి, పైన అద్దం బిగించాడు. వేన్నీళ్లు బ్రహ్మాండంగా వచ్చాయి. ఏప్రిల్లో ట్యాంకు ఖాళీ చేసి పెళ్లికి వెళ్లి వచ్చేసరికి పైపులన్నీ వడలి పెట్టె అడుక్కి జారి ఉన్నాయి. జాయింట్ల దగ్గర పైపు మూతి సాగిపోయి, క్లిప్పులు వదులుగా వేలాడుతున్నాయి. అద్దం కింద నీళ్లు లేని నల్లటి పెట్టె వంద డిగ్రీలు దాటడం మామూలే. డ్రిప్ పైపు 80కే మెత్తబడుతుంది, 120 ప్రాంతంలో కరిగేపోతుంది. అమెరికా, ఆస్ట్రేలియాల్లో ఈత కొలనుల నీళ్లు వేడి చేసే పాలీప్రొపిలీన్ ప్యానెళ్లకు సాధారణంగా అద్దం ఉండదు. అక్కడ గోరువెచ్చని నీళ్లు చాలు, పైగా గాలి తగులుతుంటే ప్లాస్టిక్ బతుకుతుంది.

మీరూ అద్దం జోలికి వెళ్లకండి. వేసి తీరాలనుకుంటే పైనా కిందా గాలి ఆడేలా తెరుచుకునే ఏర్పాటు ఉండాలి, ఊరెళ్లేటప్పుడు ప్యానెల్ మీద గోనెపట్టా కప్పాలి.

పొడవాటి పైపును ఒకే చుట్టగా చుట్టిన వీడియోలు చూసి ఆశపడవద్దు. మోటారు లేకుండా, వేడెక్కిన నీళ్లు తమంతట తామే పైకెక్కే పద్ధతిలో ఒత్తిడి చాలా తక్కువ. చుట్టలో నీళ్లు కదలవు, గాలి చిక్కుకుంటుంది. పైనా కిందా రెండు లావుపాటి పైపులు పెట్టి, వాటి మధ్య పొట్టి ముక్కలను నిచ్చెన మెట్లలా పక్కపక్కనే బిగించండి. డ్రిప్ వేసేవాళ్లు పైపు రంధ్రంలో నీళ్లు కారకుండా బిగించే రబ్బరు రింగులే (గ్రోమెట్లు) సరిపోతాయి. ట్యాంకు అడుగుభాగం ప్యానెల్ పై అంచు కన్నా 30 సెం.మీ. ఎత్తులో ఉంటే రాత్రిపూట నీళ్లు వెనక్కి తిరిగి చల్లబడవు.

ముక్కలను లాగి బిర్రుగా కట్టకండి. రెండు మీటర్ల పైపు 40 డిగ్రీలు వేడెక్కితే ఒకటిన్నర సెంటీమీటరు సాగుతుంది. రాగి అందులో పదోవంతే. మేస్త్రీలు ఈ మాట నమ్మరు, దగ్గరుండి చూసుకోండి.

వంద లీటర్లను 25 నుంచి 50 డిగ్రీలకు తేవడానికి దాదాపు 3 యూనిట్ల (కరెంటు బిల్లులో లెక్కించే యూనిట్లే) వేడి కావాలి. మా వైపు ఎండ రోజుకు చదరపు మీటరుకు 5 యూనిట్ల పైనే ఇస్తుంది. అద్దం లేని ప్యానెల్ అందులో సగం కూడా పట్టుకోదు కాబట్టి రెండు చదరపు మీటర్లు వేసుకోండి. వేసవిలో సాయంత్రానికి చెయ్యి పెట్టలేనంత వేడి వస్తుంది. డిసెంబరులో గాలి వీస్తే గోరువెచ్చనే.

నల్లటి పైపే కొనండి. అందులో కలిపే మసి ఎండ దెబ్బను ఆపుతుంది, రంగు పైపులు త్వరగా పెళుసెక్కుతాయి. మా బోరు నీళ్లకు రాగి గొట్టంలో పట్టినంత గట్టిగా ఇందులో సున్నం పట్టలేదు. ఈ నీళ్లు స్నానానికి, గిన్నెలకు, పశువుల కొట్టం కడగడానికి బాగుంటాయి. వంటకు మాత్రం వద్దు, ఈ పైపును వేడి తాగునీటి కోసం తయారు చేయరు.