పప్పు ఉడకదు, కుండ చల్లబడదు, ఫ్యాన్ తిరగదు: పాఠకుల సందేహాలు

ఇల్లు మారినప్పటి నుంచి కందిపప్పు ఎన్ని విజిల్స్ వచ్చినా ఉడకడం లేదు. పాత ఇంట్లో నాలుగు విజిల్స్‌కే వెన్నలా అయ్యేది. కొట్టతను పప్పు మార్చి ఇచ్చినా అంతే. కుక్కర్ పాడైందంటారా?
– ఒక పాఠకురాలు, మార్కాపురం

కుక్కర్ పాతదే, పప్పూ మార్చి చూశారు. ఇంటితో పాటు మారింది నీళ్లు. ముందు వాటినే అనుమానించండి. పప్పుబద్దలో కణాలను ఒకదానికొకటి అంటించి ఉంచే జిగురు పేరు పెక్టిన్. పప్పు ఉడకడమంటే వేడికి ఆ జిగురు కరిగి కణాలు విడిపోవడమే. బోరు నీళ్లలో కాల్షియం, మెగ్నీషియం ఎక్కువగా ఉంటే అవి పెక్టిన్‌ను పట్టుకుని బిగించేస్తాయి. ఇక ఎంత కాగినా బద్దలు బద్దలుగానే, పప్పు ఒకచోట, నీళ్లు ఒకచోట. తాగునీటిలో ఈ కాఠిన్యం లీటరుకు 200 మిల్లీగ్రాముల లోపు ఉండాలన్నది భారతీయ ప్రమాణం. వేరే దారి లేకపోతే 600 వరకూ ఒప్పుకుంటారు. బకెట్ అంచున, గీజర్ కాయిల్ మీద తెల్లగా పొలుసు కడుతోందంటే మీ నీళ్లు ఏ కోవలోవో మీటరు లేకుండానే తెలిసిపోతుంది.

నిర్ధారణకు ఒక పరీక్ష చేయండి. రెండు చిన్న గిన్నెల్లో గుప్పెడు గుప్పెడు పప్పు వేసి, ఒకదాంట్లో బోరు నీళ్లు, రెండోదాంట్లో ఫిల్టర్ ప్లాంటు నీళ్లు పోసి, రెంటినీ ఒకే కుక్కర్‌లో పెట్టండి. మంట ఒకటే, సమయం ఒకటే కాబట్టి తేడా వస్తే అది నీళ్ల తేడానే. రెండూ ఉడక్కపోతే తప్పు పప్పుదో, గ్యాస్కెట్‌దో. గ్యాస్కెట్ వదులై పక్కనుంచి ఆవిరి పోతుంటే లోపల నీళ్లు 100 డిగ్రీల దగ్గరే మరుగుతుంటాయి. సరిగా బిగిసిన కుక్కర్‌లో 120 దాకా వెళ్లాలి. ఇక వేడిలోనూ చెమ్మలోనూ ఏళ్ల తరబడి నిలవున్న పప్పు ఏ నీళ్లలోనూ మెత్తబడదు, అది కొన్నచోటే తిరిగి ఇచ్చేయాలి.

నీళ్లే కారణమైతే నానబెట్టడానికీ ఉడికించడానికీ ఫిల్టర్ నీళ్లే వాడండి. నానబెట్టే నీళ్లను చాలామంది లెక్కలోకి తీసుకోరు. బద్ద లోపలికి ముందుగా వెళ్లేవి ఆ నీళ్లే. గ్లాసు పప్పుకు అరగంట నాన, రెండున్నర నుంచి మూడు గ్లాసుల నీళ్లు, నురుగు వచ్చి విజిల్ గొట్టం మూసుకోకుండా చెంచా నూనె చాలు. ఫిల్టర్ నీళ్లు లేకపోతే బోరు నీళ్లను పది నిమిషాలు మరగబెట్టి, చల్లార్చి, అడుగున తేరిన తెల్లటి పొడిని వదిలి పైనున్నవి వంచుకోండి. కాఠిన్యంలో కొంత భాగం అలా పోతుంది, అంతా కాదు. వంటసోడా చిటికెడు వేస్తే పప్పు కచ్చితంగా మెత్తబడుతుంది గానీ బి1 విటమిన్ పోతుంది, చెయ్యి జారితే సబ్బు వాసన కూడా. రోజువారీ అలవాటుగా మాత్రం వద్దు.

పులుపు సంగతి పెద్దవాళ్లకు తెలిసిందే. చింతపండు రసం, గోంగూర, మామిడికాయ ముక్కలు ముందే వేస్తే పప్పు మొరాయిస్తుంది. పెక్టిన్ కరగకుండా ఆమ్లం కూడా అడ్డుపడుతుంది. అన్నీ ఒకేసారి కావాలంటే పులుపువాటిని కుక్కర్‌లోనే వేరే గిన్నెలో పెట్టి తరవాత కలిపి మెదపండి. పాపం ఉప్పును మాత్రం అనవసరంగా ఆడిపోసుకుంటారు. చిటికెడు ఉప్పుతో పప్పు ఉడకడం ఆగదు.

మా అమ్మావాళ్ల ఊరు ఆదిలాబాద్‌లో రంజన్ నీళ్లు ఫ్రిజ్ నీళ్లలా ఉంటాయి. అదే మట్టికుండ విశాఖలో కొంటే గోరువెచ్చగా ఉంటున్నాయి. మట్టి తేడానా?
– ఒక పాఠకురాలు, విశాఖపట్నం

గాలి తేడా. కుండ గోడల్లోని సన్నటి రంధ్రాల గుండా నీళ్లు బయటికి చెమర్చి ఆవిరవుతాయి, ఆ ఆవిరికి కావలసిన వేడిని లోపలి నీళ్ల నుంచే లాక్కుంటాయి. గ్రాము నీరు ఆవిరి కావాలంటే సుమారు 580 కేలరీల వేడి కావాలి. ఈ లెక్కన పది లీటర్ల కుండ నుంచి వంద మిల్లీలీటర్లు, అంటే అరగ్లాసు నీళ్లు ఆవిరైతే మిగిలినవి దాదాపు ఆరు డిగ్రీలు చల్లబడాలి. చుట్టూ ఉన్న గాలి కొంత వేడిని తిరిగి ఇచ్చేస్తుంది గనక నిజంగా జరిగేది అంతకన్నా తక్కువే.

గాలి పొడిగా ఉంటేనే ఆవిరి జోరుగా పోతుంది. 40 డిగ్రీల ఎండ, 20 శాతం తేమ ఉన్న మధ్యాహ్నం కుండ నీళ్లు దిగగల కనిష్ఠ హద్దు 22 డిగ్రీల దగ్గర ఉంటుంది. సముద్రం పక్కన 35 డిగ్రీలు, 70 శాతం తేమ ఉంటే ఆ హద్దు 30 డిగ్రీలు. ఎంత మంచి కుండైనా, ఎవరు చేసిందైనా దాన్ని దాటి చల్లబరచలేదు. తీరప్రాంతంలో ఎయిర్ కూలర్ కొని తిట్టుకునేవాళ్ల బాధా ఇదే. కిటికీలు మూసి కూలర్ వేసుకుంటే గదిలో తేమ పెరిగి మరీ ఉక్కపోత.

అయినా ఉన్నంతలో కొంత రాబట్టవచ్చు. కుండను వంటింటి మూల కాకుండా గాలి ఆడే నీడలో, తడి ఇసుక మీద పెట్టండి. చుట్టూ తడి గోనెపట్టా చుట్టండి. రంగు వేసినవి, నునుపుగా పాలిష్ చేసినవి అందానికి తప్ప చల్లదనానికి పనికిరావు, రంధ్రాలు మూసుకుపోయి ఉంటాయి. కొత్త కుండను ఒకరోజు నీళ్లలో నానబెట్టి, మొదటి రెండుసార్ల నీళ్లు పారబోయండి. రెండో వేసవికి చల్లదనం తగ్గిందంటే గోడల్లో ఉప్పు పేరుకుందన్నమాట. కొబ్బరిపీచుతో లోపలా బయటా గట్టిగా తోమి ఎండబెట్టండి. సబ్బు మాత్రం తగలనివ్వకండి, మట్టి దాన్ని పీల్చుకుంటుంది.

ఓల్టేజీ బాగానే ఉంది. సీలింగ్ ఫ్యాన్ మాత్రం 5లో పెట్టినా నీరసంగా తిరుగుతోంది. మోటారు మార్చాలా?
– ఒక పాఠకుడు, తెనాలి

చాలాసార్లు మోటారుకు ఏమీ కాదు. పైన కప్పు లాంటి మూతలో ఉండే కండెన్సర్ నీరసిస్తుంది. ఎక్కువ ఫ్యాన్లకు అది 2.5 మైక్రోఫారడ్‌ది, డబ్బా మీద 2.5 ఎంఎఫ్‌డీ అని రాసి ఉంటుంది. వేడికి ఏటా కాస్త కాస్త శక్తి తగ్గి 1.5 దగ్గరికి వచ్చేసరికి ఫ్యాన్ ఈడుస్తుంది. పూర్తిగా పోతే స్విచ్ వేసినా కదలదు, కర్రతో రెక్కను తోస్తే మాత్రం తిరగడం మొదలుపెడుతుంది. అదే గుర్తు. మెయిన్ ఆపి, పాతదాని రెండు తీగలనూ ఇన్సులేషన్ ఉన్న స్క్రూడ్రైవర్‌తో ఒకసారి కలిపి మిగిలిన ఛార్జ్ తీసేసి, అదే సంఖ్యది వేయించండి. స్పీడ్ కోసం 4 ఎంఎఫ్‌డీ వేద్దామని ఎవరైనా అంటే ఒప్పుకోవద్దు, వైండింగ్ వేడెక్కి కాలిపోతుంది. ఆపినప్పుడు ఫ్యాన్ చాలాసేపు తిరక్కుండా గరగరమని టక్కున ఆగితే లోపం బేరింగ్‌లది. 5లో బాగుండి 2, 3లలో తేడా చేస్తే రెగ్యులేటర్‌ది.

ఎలాగూ మార్చేద్దామనుకుంటే బీఎల్‌డీసీ ఫ్యాన్ చూడండి. మామూలుది 75 వాట్లు తింటుంది, ఇది 30 చుట్టుపక్కల. రోజుకు పది గంటల లెక్కన నెలకు పదమూడు యూనిట్లకు పైగా తేడా. దీనికి గోడ మీది పాత రెగ్యులేటర్ మాత్రం కలపకూడదు.

గ్యాస్ బండ మీద బి-27 అని ఉంది. ఆ తేదీ తరవాత గ్యాస్ పనికిరాదా?
– ఒక పాఠకురాలు, నిజామాబాద్

గ్యాస్‌కు కాలం చెల్లడం అంటూ ఉండదు. అది బండకు మళ్లీ పీడన పరీక్ష చేయాల్సిన గడువు. ఏ అంటే జనవరి–మార్చి, బి ఏప్రిల్–జూన్, సి జులై–సెప్టెంబర్, డి అక్టోబర్–డిసెంబర్. పక్కన సంవత్సరం. బి-27 అంటే 2027 జూన్ లోపు. గడువు దాటిన బండ తెస్తే తీసుకోకండి. అక్కడే ఖాళీ బండ బరువు కూడా రాసి ఉంటుంది. దానికి 14.2 కిలోలు కలిపితే ఎంతో అంత తూగాలి. తూచి ఇమ్మని అడగడానికి మొహమాటపడనక్కర్లేదు.

ఎంత మిగిలిందో తెలియాలంటే తడిగుడ్డతో బండను పైనుంచి కిందికి తుడిచి రెండు నిమిషాలు చూడండి. ద్రవం లేని పైభాగం ముందు ఆరుతుంది. తడి ఎక్కడ నిలిచిందో గ్యాస్ అక్కడిదాకా ఉన్నట్టు. వాసన వస్తే స్విచ్‌లు వేయకండి, తీయకండి. ఈ గ్యాస్ గాలికన్నా బరువు, నేల మీదే పేరుకుంటుంది కాబట్టి తలుపులు బార్లా తెరిచి 1906కు ఫోన్ చేయండి. ఆ ఫోన్ కూడా ఇంటి బయటికి వెళ్లి.

ఒకప్పుడు ఇరవై ఫోన్ నంబర్లు నోటికి వచ్చేవి. ఇప్పుడు మా ఆవిడ నంబరు కూడా చూసి చెప్పాలి. వయసేనా?
– ఒక పాఠకుడు, కరీంనగర్

వయసు మీద తోసేయకండి. అప్పట్లో ప్రతి కాల్‌కూ అంకెలను గుర్తు తెచ్చుకుని మరీ నొక్కేవారు, రోజుకు నాలుగు పరీక్షలు రాసినట్టు. ఇప్పుడు నొక్కేది పేరు, నంబరు కంటికే కనబడదు. మరిచిపోలేదు, అసలు నేర్చుకోలేదు. దానికి తోడు ఊరి ల్యాండ్‌లైన్‌కు అయిదారు అంకెలే ఉండేవి, మొబైల్‌కు పది. మనసు ఒక్కసారిగా పట్టుకోగలిగేది నాలుగు ముక్కలు, మహా అయితే అయిదు. పది అంకెలను ఇంగ్లీషులో విడివిడిగా చదివితే పది ముక్కలు. జతలుగా తెలుగులో చెప్పుకుంటే అయిదే. తొంభై ఎనిమిది, నలభై ఎనిమిది అంటూ చెప్పే పెద్దాయన పద్ధతే మేలు.

ఇరవై అక్కర్లేదు, ఇంట్లోవాళ్లవి మూడు చాలు. వారం పాటు ఆ మూడింటికీ పేరు నొక్కకుండా అంకెలు కొట్టి ఫోన్ చేయండి. తడబడితే చూసి సరిచేసుకోండి గానీ ముందే చూడొద్దు, గుర్తు తెచ్చుకునే ఆ ప్రయాసే పని చేస్తుంది. బడికెళ్లే పిల్లలకు కనీసం ఒకటి రావాలి. తప్పిపోయిన పిల్లాడికి ఎవరి ఫోన్ ఇచ్చినా అందులో అమ్మ అనే పేరు ఉండదు కదా. మిగతావి ఫోన్‌లోనే ఉండనివ్వండి, నష్టమేమీ లేదు.

నీళ్లు ఎంత మరిగినా పొంగవు. పాలు ఎందుకు పొంగుతాయి?
– ఎనిమిదో తరగతి విద్యార్థిని, ఖమ్మం

నీళ్లలో ఆవిరి బుడగ పైకి రాగానే పగిలిపోతుంది. పాలలోని ప్రొటీన్లు బుడగ చుట్టూ సాగే పొరలా అల్లుకుని దాన్ని పగలనివ్వవు. పైన మీగడ మూతలా అడ్డుపడుతుంది. కింద పుట్టిన ఆవిరికి దారి లేక మొత్తం నురుగై లేస్తుంది. గిన్నెలో మూడోవంతు ఖాళీ వదిలి, సన్నమంట మీద పెట్టి, మధ్యమధ్య గరిటెతో మీగడ చెదరగొట్టు. గిన్నె మీద అడ్డంగా చెక్క గరిటె పెడితే నురుగు దానికి తగిలి కొంత విరుగుతుంది, అదీ మంట తగ్గించేంత వ్యవధి వరకే. గృహప్రవేశం రోజు మాత్రం ఇవేవీ పాటించకు.