వినికిడి లేని బిడ్డల బడికి వెళ్తున్న అమ్ములుకు

తిరుపతి,
శుక్రవారం రాత్రి

అమ్ములూ,

నీకు ఆ బడిలో సహాయకురాలి పని దొరికిందని మీ అమ్మ ఫోన్ చేసింది. సోమవారమే చేరాలట కదా. రెండున్నరేళ్ల నుంచి ఐదేళ్ల లోపు బిడ్డల గది అంది. నేను 22 ఏళ్లు అట్లాంటి గదిలోనే ఉన్నాను. ఫోన్‌లో చెప్తే సగం మరిచిపోతావని రాస్తున్నాను.

"మూతులు తుడిచేది, దొడ్డికి తీసుకుపోయేది, అంతే కదక్కా" అంది మీ అమ్మ. నాకు ఆ మాట నచ్చలేదు. అవి నీ పనులే, కాదనను. కానీ బిడ్డకి మాట అబ్బే సమయం కూడా అదే. టీచర్ గారు చార్టు పట్టుకుని పాఠం చెప్పేది రోజుకి గంటో, గంటన్నరో. తక్కిన పొద్దంతా బిడ్డ నీ చేతిలో ఉంటుంది. వినపడే బిడ్డలైతే అవ్వ పక్కింటామెతో మాట్లాడేది, కూరగాయల బండివాడు అరిచేది చెవిన వేసుకుంటూనే వేల మాటలు పోగు చేసుకుంటారు. మన బిడ్డలకి అట్లా గాలివాటుగా ఏదీ రాదు. ఎవరో ఒకరు ఎదురుగా కూర్చుని ఇవ్వాలి. నువ్వు నోరు కట్టేసుకుని చెప్పులు తొడిగితే చెప్పులు తొడిగినట్టే, ఇంకేమీ జరగనట్టే.

కొళాయి దగ్గర నేను ఎట్లా చేసేదాన్నో చెప్తాను. బిడ్డ పక్కన గొంతుక్కూర్చునేదాన్ని. కొళాయి వెంటనే తిప్పేదాన్ని కాదు. చెయ్యి కొళాయి మీద పెట్టి ఆగేదాన్ని. నీళ్లు రాలేదేమని బిడ్డ నా ముఖంలోకి చూస్తుంది చూడు, ఆ క్షణం కోసమే ఆగడం. అప్పుడు, "నీళ్లు కావాలా? ఇదిగో, నీళ్లు వస్తున్నాయి. అబ్బ, చల్లగా ఉన్నాయి! సబ్బు రుద్దుకో. నురగ చూడు." బిడ్డ కళ్లు నురగ మీదికి పోతే నేనూ ఆగిపోయేదాన్ని. మళ్లీ నా వైపు చూసినప్పుడు మళ్లీ మాట. రెండు పనులూ ఒకేసారి చూడలేదు కదా ఆ బిడ్డ, నురగనో నీ ముఖాన్నో ఏదో ఒకటే. "నీళ్లు, నీళ్లు" అని ఒక్క మాటే పట్టుకోవద్దు. ఇంట్లో మనం మాట్లాడుకున్నట్టే చిన్న చిన్న వాక్యాలు చెప్పు.

పిలవాలంటే భుజం మీద మెల్లగా తట్టు. గడ్డం పట్టుకుని ముఖం తిప్పొద్దు, అది నాకు ఎవరు చేసినా కోపం వచ్చేది. కిటికీకి వీపు పెట్టి కూర్చోకు, వెలుతురు నీ ముఖం మీద పడాలి. నోట్లో వక్కాకు పెట్టుకుని మాట్లాడితే పెదాలు తెలియవు. నోరు సాగదీసి, గట్టిగా అరిచి చెప్తే ఇంకా తెలియదు. చెవికి పెట్టే వినికిడి మిషన్లో పడ్డ అరుపు మోతగానే వినిపిస్తుంది, మాటగా వినిపించదు.

ఇప్పుడు అన్నిటికంటే ముఖ్యమైనది, పొద్దున పరీక్ష. నేను చేరిన ఏడాది పుత్తూరు వైపు నుంచి నాలుగేళ్ల అబ్బోడు వచ్చేవాడు. రెండు రోజులు పిలిస్తే తిరగలేదు, బొమ్మలు విసిరేశాడు, పక్క బిడ్డని కొరికాడు. మొండికేశాడని నేను మూలన కూర్చోబెట్టాను. మూడో రోజు మిషన్లు తీసి చూస్తే రెండింట్లోనూ బ్యాటరీలు అయిపోయి ఉన్నాయి. ఆ రెండు రోజులూ బిడ్డకి ఏమీ వినపడలేదు. నా కోపం ముఖం మాత్రం కనపడింది. తప్పు వాడిది కాదు, నాది. అప్పటి నుంచి ఎన్ని పనులున్నా మిషన్లు చూడకుండా ప్రార్థనకి పంపలేదు.

ముందు నువ్వు వినాలి. స్టెతస్కోప్ లాంటి గొట్టం ఉంటుంది, దానికి మిషన్ తగిలిస్తే గరగర, తెగిపోవడం తెలుస్తాయి. తర్వాత బిడ్డకి ఆరు ధ్వనులు: ఆ, ఊ, ఈ, మ్, ష్, స్. లింగ్ అనే ఆయన పెట్టిన పరీక్ష ఇది. మాటల్లో వచ్చే మంద్రం నుంచి సన్నం దాకా ఈ ఆరింట్లో ఇమిడిపోతుంది. 'స్' అంటే 'సా' అనకూడదు, పాము బుస కొట్టినట్టు ఉత్త 'స్' మాత్రమే. బిడ్డకి కనపడకుండా పక్కగా, కొంచెం వెనక కూర్చో. వినపడగానే కొయ్య దిమ్మె డబ్బాలో వేయాలి. వీళ్లు మహా తెలివైనవాళ్లు అమ్ములూ, నీ భుజం కదిలినా, ఊపిరి తగిలినా పట్టేసి దిమ్మె వేసేస్తారు. అందుకని మధ్యమధ్య ఏమీ అనకుండా ఊరికే ఉండి చూడు. నిన్నటిదాకా 'స్' విన్న బిడ్డ ఇవాళ వినలేదంటే జలుబా, చెవి రంధ్రంలో పెట్టే అచ్చులో గుబిలి అడ్డం పడిందా, మిషన్ చెడిందా చూసుకుని వెంటనే టీచర్ గారికి చెప్పు. పుస్తకంలో రాసిపెట్టు.

మిషన్ల మీద ఎరుపు గుర్తు కుడి చెవిది, నీలం ఎడమది. బ్యాటరీ స్టిక్కరు పీకగానే మూత పెట్టేయకు, అది గాలి తగిలితే పనిచేసే రకం, ఒక నిమిషం ఆగు. పాతవి లెక్కపెట్టి డబ్బాలో వేసి తాళం వెయ్యి. బిడ్డ ఒకటి మింగినా, ముక్కులో దూర్చుకున్నా అరటిపండు పెట్టి చూద్దామనుకోవద్దు, నేరుగా ఆసుపత్రికే. చెవి అచ్చు కూతలు పెడుతోందంటే వదులైందన్నమాట. చెవి పెరిగేకొద్దీ కొత్త అచ్చు తీయించాలి. అచ్చుని మిషన్ నుంచి విడదీసి సబ్బునీళ్లతో కడుగు. మిషన్‌కి మాత్రం చుక్క తగలకూడదు.

మన ఊళ్లో ఇంకొకటుంది. కొండకి పోయి గుండు కొట్టించుకుని వచ్చిన బిడ్డకి తలంతా గంధం ఉంటుంది. అది మిషన్ మైకు రంధ్రాల్లోకి పోయి ఆరిపోతే వినపడదు. వారం ముందే తల్లికి చెప్పు: కత్తి పెట్టేటప్పుడు తీసి డబ్బాలో పెట్టుకోండి, గంధం చెవి దాకా రానివ్వద్దు అని. గంగజాతరప్పుడు డప్పుల దగ్గర మిషన్ వేసుకున్న బిడ్డ బెదిరి ఏడుస్తుంది. దూరంగా ఎత్తుకుని వేషాలు చూపించమను. ఎండాకాలం చెమటకి గొట్టంలో నీటిబొట్లు చేరతాయి, నిద్రపోయేటప్పుడు తేమ పీల్చే సిలికా గింజల డబ్బాలో పెట్టాలి.

ఇప్పుడు కాక్లియర్ ఇంప్లాంట్ బిడ్డలు, అంటే ఆపరేషన్ చేసి చెవి లోపల మిషన్ పెట్టినవాళ్లు, చాలామంది. ఆరోగ్యశ్రీ వచ్చాక పేదింటి బిడ్డలకీ ఆపరేషన్లు జరిగాయి. తల మీద బిళ్ల అయస్కాంతంతో అంటుకుని ఉంటుంది, పడిపోతే మెల్లగా తగిలించు. ఆ బిడ్డ తలకి దెబ్బ తగిలితే ఎంత చిన్నదైనా దాచకుండా చెప్పు. ఆపరేషన్ అయితే మాట వచ్చేస్తుందని ఊళ్లో అనుకుంటారు. ఆపరేషన్ వినపడేట్టు చేస్తుంది, అంతవరకే. విన్నది అర్థం కావడానికి ఏళ్లు పడుతుంది. మూడేళ్ల బిడ్డకి నెల కిందట మిషన్ ఆన్ చేశారంటే వినికిడిలో దాని వయసు నెల. తల్లి "ఎప్పుడు మాట్లాడతాడమ్మా" అని అడుగుతుంది. తేదీ చెప్పొద్దు. ఆ రోజు వాడు కొత్తగా చేసింది ఒకటి చెప్పు, పేరు పిలిస్తే తిరిగాడనో, 'ఆ' కి దిమ్మె వేశాడనో.

సైగల సంగతి. ఒకప్పుడు సైగ చేస్తే మాట రాదని చేతులు వెనక్కి కట్టించిన చోట్లున్నాయి. నువ్వు ఏ బిడ్డ చెయ్యీ పట్టి ఆపొద్దు. దొడ్డికి, దాహం, నొప్పి, ఇంకా, అయిపోయింది — ఈ సైగలు నీకు మొదటి వారమే రావాలి. కొరికే బిడ్డ, జుట్టు పీకే బిడ్డ చాలాసార్లు చెప్పుకోలేక చేసేదే. ఢిల్లీలో ఉన్న భారతీయ సంజ్ఞా భాష కేంద్రం వాళ్లు 2018లో 3,000 పదాలతో నిఘంటువు తెచ్చారు, 2021కి అది 10,000 అయింది. ఫోన్‌లో వీడియోలు చూడొచ్చు. అయినా బధిరులైన పెద్దవాళ్ల దగ్గర నేర్చుకుంటే ఆ చేతికి, ఆ ముఖానికి వచ్చే జీవం వేరు. బడిలో అట్లాంటివాళ్లు ఉంటే మధ్యాహ్నం వాళ్ల పక్కనే కూర్చుని తిను.

ఎక్కడికైనా తీసుకుపోయే ముందు ఫోటో చూపించు. ఆటో ఎక్కడికి పోతుందో తెలియక ఏడ్చిన బిడ్డలు నాకు లెక్కలేరు. ఒకసారి గోవిందరాజస్వామి గుడి ఫోటో రెండు రోజులు ముందే చూపించి తీసుకుపోయాము. అందరూ గోవిందా అంటుంటే మా పాప ఒకతి నా పెదాల వైపే చూసి "ఓ-ఇం-ఆ" అంది. హల్లు ఒక్కటీ లేదు, అచ్చులు మూడూ సరిగ్గా ఉన్నాయి. తప్పు దిద్దలేదు. "అవును, గోవిందా!" అని తిరిగి అన్నాను, అంతే. నువ్వూ అట్లానే చెయ్యి.

తల్లుల దగ్గర జాగ్రత్త. మన సీమలో మేనరికాలు ఎక్కువ, వాటివల్ల పుట్టుకతో వినికిడి పోయే అవకాశం పెరుగుతుంది. ఆ సంగతి డాక్టర్లు చెప్పే ఉంటారు, అత్తగారింట్లో ఆ పిల్ల దాన్ని రోజూ వింటూనే ఉంటుంది. వరండాలో నువ్వు కూడా "మేనరికమా?" అని అడగొద్దు. చంకలో ఇంకో పసిబిడ్డ ఉంటే మాత్రం ఊరుకోకు. నెలలోపు వినికిడి పరీక్ష, మూడు నెలలకి నిర్ధారణ, ఆరు నెలల లోపు మిషన్, శిక్షణ మొదలు కావాలని చెప్పు. టీటీడీ వాళ్ల శ్రవణం కేంద్రం ఇక్కడే ఉంది, చిన్నబిడ్డలకి తల్లులతో పాటే నేర్పుతారు. నగరి వైపు నుంచి వచ్చేవాళ్లు ఇంట్లో అరవం మాట్లాడతారు. వాళ్లని తెలుగులోకి మారమని నీ అంతట నువ్వు చెప్పకు, తల్లికి బాగా వచ్చిన భాషలోనే బిడ్డతో ఎక్కువ మాట్లాడగలదు. టీచర్ గారిని అడుగు.

ఎవరినీ చెవిటోడు, మూగోడు అనొద్దు, ఇంకెవరైనా అన్నా వినీ విననట్టు పోవద్దు. అందరికీ పేర్లున్నాయి.

ఆదివారం ఇంటికి రా. నా కొయ్య దిమ్మెల డబ్బా నీకు ఇస్తాను. అందులో 20 ఉన్నాయి, మింగలేనంత పెద్దవే చేయించాను. రోజూ సాయంత్రం లెక్కపెట్టి మూత వెయ్యి.

ఇట్లు,
మీ పెద్దమ్మ