కాకి నెత్తిన తన్నితే శని పట్టినట్టేనా?

డాబా మీద బట్టలు ఆరేస్తుంటే కాకి నెత్తిన తన్నిందనీ, ఇంట్లోవాళ్ళు శని అని భయపెడుతున్నారనీ రాశారు. నాకూ జరిగింది, అదీ ఒకే వారంలో మూడుసార్లు.

మా పెరటి వేపచెట్టు కొమ్మలు డాబా మీదికి వాలి ఉంటాయి. మే నెలలో వడియాలు పెడుతుంటే వెనకనుంచి వచ్చి నడినెత్తిన టప్పున కొట్టి పోయింది. కాకి శనీశ్వరుడి వాహనం కదా, అమ్మమ్మ అప్పటికప్పుడు తలస్నానం చేయించి, శనివారం నువ్వులనూనె దీపం పెట్టించింది. మర్నాడే మళ్ళీ తన్నింది!

మూడోసారి తలెత్తి చూస్తే కొమ్మల సందులో గూడు. పుల్లల మధ్య కేబుల్ తీగముక్కలు, అంచున ఎర్రటి నోళ్ళు. గూట్లో పిల్లలుంటే కాకి దగ్గరికొచ్చిన ఎవరినైనా ఇలాగే తరుముతుంది. అవి ఎగిరిపోయేదాకా నేను గొడుగు వేసుకునే వడియాలు పెట్టాను. పక్కింటివాళ్ళు నవ్వారనుకోండి. మీరూ ముందు పైకి చూడండి. దీపం పెట్టుకోవాలనిపిస్తే పెట్టుకోండి, తప్పేం లేదు.

ఇంతకీ మా అమ్మమ్మకు కాకంటే ఎప్పుడూ భయమే అనుకోకండి. పొద్దున్నే గోడమీద అరిస్తే చుట్టాలొస్తారని ఒక గిద్దెడు బియ్యం ఎక్కువ పోసేది. సీతమ్మను పొడిచిన కాకాసురుడి మీదికి రాముడు గడ్డిపరకను అస్త్రంగా వేశాడనీ, దానికి ఒక కన్ను పోయిందనీ, అందుకే కాకి తల పక్కకు వంచి చూస్తుందనీ చెప్పేది. తాతయ్య పదోరోజున చెరువుగట్టున పిండం పెడితే గంటసేపు ఒక్క కాకీ రాలేదు. ఏదో కోరిక మిగిలిపోయిందని అందరూ గుసగుసలు. చివరికి మామయ్య చేతులు జోడించి, "నీ గేదెను అమ్మను నాన్నా" అన్నాడు. తుమ్మచెట్టు మీదనుంచి ఒకటి దిగి ముద్ద ముట్టింది. మనుషులు దూరం జరిగారనే వచ్చిందేమో, కానీ ఆ క్షణంలో నాకూ ఏడుపాగలేదు. గేదె మాత్రం ఇంకా మామయ్య దగ్గరే ఉంది.

అన్నట్టు, మా గూట్లోంచి ఆఖరున బయటికొచ్చిన పిల్ల రెక్కల మీద తెల్లటి చుక్కలున్నాయి. కాకి దాని నోట్లో అన్నం మెతుకులు పెడుతుంటే దగ్గరగా చూశాను. కోయిల పిల్ల! దాని కోసమా నన్ను మూడుసార్లు తన్నింది!